బయటి ముఠాకు నాట్లు గుత్తకు ఇచ్చే ముందు

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "వదినా, మీ పొలంలో నాటేసిన బెంగాలోళ్ళ నంబర్ ఉందా?" అని. నంబర్ ఇవ్వడానికి నిమిషం పట్టదు. ఆ తర్వాతే అసలు పంచాయితీలు. రేటు ఎంతని మాట్లాడారో గుర్తుండదు, బయటి రాష్ట్రం నుంచి నాట్లకు వచ్చే కూలీల ముఠా దిగేసరికి మడి తయారుగా ఉండదు, ఊరి ఆడవాళ్ళు ముఖం తిప్పుకుని పోతారు, చివర్లో డబ్బుల దగ్గర గొడవ. అందుకే తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది జగిత్యాల జిల్లాలో కాకతీయ కాలువ కింద పల్లె. ఆరెకరాల వరి. మా ఆయన కువైట్‌లో ఉంటాడు, పొలం నేనే చూసుకుంటాను. పొలం కొనక ముందు నేనూ ఊరి గుంపుతో నాట్లకు కైకిలి (కూలికి) పోయినదాన్నే. కాబట్టి ఒరం (పొలం గట్టు) మీద నిలబడి చూసేవాళ్ళ మాటా తెలుసు, బురదలో నడుం వంచినవాళ్ళ మాటా తెలుసు.

ముందు, మీకు ముఠా అవసరమా?

రెండు మూడెకరాలే ఉండి, ఊళ్ళో పదిమంది నాటేసేవాళ్ళు ఇంకా దొరుకుతుంటే బయటి ముఠా జోలికి పోకండి. ముఠాకు అది పూట పని. పక్కన ఇరవై ఎకరాల ఆసామి పిలిస్తే మిమ్మల్ని వదిలి అటే పోతారు. చిన్న రైతులు నలుగురైదుగురు కలిసి పదిహేను, ఇరవై ఎకరాలు ఒకచోట చూపిస్తేనే మాట నిలబడుతుంది.

ముసురు మొదలయ్యాక ఊరంతా ఒకే వారంలో నాటెయ్యాలనుకోవడమే ఈ కూలీల కరువుకు మూలం. కాలువ నీళ్ళు ఒకేసారి వస్తాయి, నారు ఒకేసారి ముదురుతుంది. 2024 వానాకాలంలో మన రాష్ట్రంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి పడింది. వరి పెరిగినంతగా నాటేసే చేతులు పెరగలేదు. నాతో పాటు నాటేసినవాళ్ళ కూతుళ్ళు డిగ్రీలు చదువుతున్నారు, మిగిలినవాళ్ళకు యాభై దాటి మోకాళ్ళు అరిగాయి. నీడపట్టున బీడీలు చుడితే వచ్చే కూలి తక్కువే అయినా నడుం మిగులుతుంది కదా అనుకునేవాళ్ళు చాలామంది. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ "ఆడవాళ్ళకు సోమరితనం పెరిగింది" అనే మగవాళ్ళు ఒక్క గుంట నాటి చూపించమనండి, మాట్లాడుదాం.

ఉపాధి హామీ వల్లే కూలీలు దొరకడం లేదని ఇంకో మాట. మా వైపు ఆ పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే నడుస్తాయి, నాట్ల నెలలో కాదు. 2025–26లో దాని కూలి రోజుకు 307 రూపాయలు. నాటుకు అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పని రోజులను 125కు పెంచింది, కానీ వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో 60 రోజులు ఆ పనులు ఆపే వీలు పెట్టింది. దానివల్ల మాకు కూలీలు దొరుకుతారని రైతులు సంతోషపడుతున్నారు. నాకు నమ్మకం లేదు. అరిగిన మోకాలు చట్టంతో బాగుపడదు.

ముఠా కాకుండా వేరే దారులు కూడా ఉన్నాయి. వడ్లు నేరుగా వెదజల్లడం, డ్రమ్ సీడర్‌తో వరుసల్లో వేయడం చవక. కానీ మడి చదునుగా లేకపోతే నీళ్ళు నిలిచి మొలక కుళ్ళుతుంది, కలుపు మందు మొదటి వారంలోనే పడాలి. నాటు మిషన్‌కైతే ట్రేలలో నారు పెంచాలి, లేత నారే పనికొస్తుంది. మీ మండలంలో మిషన్ అద్దెకు దొరికితే ఒక ఎకరంలో పెట్టి చూడండి.

ఊరి గుంపుతో మొదట మాట్లాడండి

ముఠాకు ఫోన్ చేయకముందే చేయాల్సిన పని ఇది. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత ఏడాదంతా అనుభవిస్తారు. నాటు రెండు వారాల పని. కలుపు తీసేది, పోగుంటలు నింపేది, మక్క ఇరిచేది, పత్తి ఏరేది ఊరివాళ్ళే. నాట్లప్పుడు వాళ్ళను కాదనుకుని, కలుపుకు రమ్మంటే ఎందుకొస్తారు?

నేనైతే రోహిణి కార్తెలోనే గుంపు పెద్దమ్మ దగ్గరికి పోయి అడుగుతాను: "అత్తా, ఈసారి ఎంతమంది వస్తరు? ఎన్ని ఎకరాలు చేయగలరు?" ఆమె రెండెకరాలంటే రెండెకరాలు వాళ్ళకు ముందే రాసిపెడతాను. మిగిలిందే ముఠాకు. రోజు కూలి మీద కాకుండా ఎకరానికి ఇంతని గుత్తకు చేస్తామంటే ముఠాకు ఇచ్చే రేటే వాళ్ళకూ ఇస్తాను. ఇక్కడ రైతులు ఒక తెలివి చేస్తారు. బెంగాలోళ్ళు నాలుగున్నర వేలకు చేస్తుంటే మీకెందుకు ఎక్కువివ్వాలి అని ఊరివాళ్ళ కూలి తగ్గించడానికి చూస్తారు. ఊళ్ళో బయటివాళ్ళ మీద కోపం పుట్టేది అక్కడే. పొరుగు రాష్ట్రం పిల్లగాడు పొలంలో దిగినందుకు ఎవరికీ కోపం లేదు, వాణ్ణి చూపించి తమ కూలి కోసినందుకు కోపం.

కోతలన్నీ మిషన్ల చేతికి పోయినప్పుడు ఇదే ఆడవాళ్ళ కొడవళ్ళు మూలకు పడ్డాయి. అప్పుడు ఏ గ్రామసభలోనూ ఎవరూ నోరెత్తలేదు. మనిషి వస్తేనే బయటివాడు గుర్తుకొస్తాడు.

లెక్క కాగితం మీద వేసుకోండి

"బయటివాళ్ళు చవక" అంటారు. ఎంత చవకో మా ఊరి రేట్లతో చూద్దాం. మీ దగ్గర రేటు వేరే ఉంటే ఆ అంకె పెట్టుకోండి.

ఊరి గుంపు అయితే ఎకరానికి పన్నెండు మంది, మనిషికి 450. కూలి 5,400. ఆటో ఖర్చు, చాయ్ కలిపితే ఆరు వేల దగ్గరికి పోతుంది. పొద్దున ఇంటి పని, వంట ముగించి తొమ్మిదిన్నరకో పదికో దిగి, సాయంత్రం ఐదుకు ఎక్కుతారు.

ముఠా అయితే ఎకరానికి 4,500 గుత్త, నారు పీకడంతో సహా. పదిహేను మంది ముఠా మడి బాగుంటే రోజుకు నాలుగెకరాలు లాగేస్తుంది. అంటే 18,000. దళారి ఎకరానికి 300 తీసుకుంటే 1,200 పోయి 16,800 మిగులుతుంది. సమానంగా పంచుకుంటే మనిషికి 1,120. అందులోంచే తిండి, రైలు ఖర్చు, వాన రోజుల ఖాళీ. తెల్లవారి ఐదున్నరకు దిగి చీకటి పడేదాకా చేస్తారు.

రైతుకు ఎకరానికి వెయ్యి, పదిహేను వందలు మిగిలిన మాట నిజం. కానీ ముఠాలో మనిషి సంపాదన మన ఆడవాళ్ళ కూలికి రెట్టింపు కంటే ఎక్కువ. కాబట్టి వాళ్ళు తక్కువకు చేస్తున్నారన్నది తప్పు. మన ఆడవాళ్ళు పని చేయడం లేదన్నదీ అంతే తప్పు. ఒకరు ఇల్లూ పిల్లలూ చూసుకుని వచ్చి ఏడు గంటలు చేస్తున్నారు. ఇంకొకరు ఇల్లు రెండు రోజుల రైలు దూరంలో వదిలేసి పన్నెండు గంటలు చేస్తున్నారు. పోల్చాలంటే గంటకు ఎంతో, ఎకరానికి ఎంతో రెండూ వేసి పోల్చండి.

ఇంకొకటి. ఆ 1,120 ఆ చేతికి పోతుందా? సర్దార్ (ముఠా పెద్ద) తన వాటా తీసుకుని, బియ్యం లెక్క కోసి, నాటేసే పిల్లగాడికి 500 ఇస్తే? రేటు మాట్లాడేటప్పుడే సర్దార్‌ను అడగండి, మనిషికి రోజుకు ఎంత ఇస్తున్నావని. చెప్పడానికి నసిగేవాడితో బేరం పెట్టుకోవద్దు. వాడు రేపు మీ దగ్గర కూడా అలాగే నసుగుతాడు.

సర్దార్‌తో ఒప్పందం

మా వైపుకు పశ్చిమ బెంగాల్ నుంచి మాల్దా, ముర్షీదాబాద్ జిల్లాలవాళ్ళు ఎక్కువగా వస్తారు. బీహార్, యూపీ ముఠాలూ ఉన్నాయి. నారు పోసిన రోజే సర్దార్‌కు తేదీ చెప్పండి. స్వల్పకాలిక రకాలైతే నారు 25 రోజులు దాటకుండా నాటు పడాలి. వాళ్ళు ఇళ్ళలో బయలుదేరి మీ దగ్గరికి చేరడానికి మూడు నాలుగు రోజులు వేసుకోండి.

అడ్వాన్స్ రైలు టికెట్ల మేరకే పంపండి. ఎక్కువ అడ్వాన్స్ ఇస్తే ముఠా జారిపోదని కొందరి లెక్క. ఆ డబ్బు సర్దార్ జేబులో పడి, కూలీల పేరున అప్పుగా మారుతుంది. అప్పు తీరేదాకా పని చేయాలన్న పద్ధతి 1976 నుంచీ చట్టం ప్రకారం నేరం, దాన్ని వెట్టి అంటారు. మీకు తెలియకుండానే మీ పొలంలో వెట్టి నడవొద్దు.

వేరే రాష్ట్రం నుంచి ఐదుగురిని, అంతకు మించి తెచ్చే కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలన్న చట్టం 1979లోనే వచ్చింది. ఇప్పుడది 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసింది. మా వైపు తిరిగే సర్దార్లలో లైసెన్స్ ఉన్నవాణ్ణి నేనింకా చూడలేదు. అందుకే కనీసం ఒక నోట్‌బుక్ పేజీ మీద ఇవి రాసి, ఇద్దరూ సంతకం పెట్టి ఫొటో తీసుకోండి: ఎకరం రేటు, నారు పీకడం మోయడం ఎవరిది, ఎన్ని ఎకరాలు, ఎప్పటి నుంచి, ఖాళీ రోజుకు ఎంత, డబ్బు ఎప్పుడు ఎవరి చేతికి. ఎకరం అంటే నలభై గుంటలని కూడా రాయండి. వాళ్ళ దగ్గర బిఘా లెక్క. ఒక బిఘా మన ఎకరంలో మూడో వంతు ఉంటుంది. ఈ లెక్క తేడాతోనే పోయినేడు పక్క ఊళ్ళో రాత్రి పదింటిదాకా కేకలు.

ఖాళీ రోజు విషయం కాస్త ఆలోచించండి. వాన పడి పని ఆగితే ఇద్దరి నష్టం. కరెంటు మోటరు కాలి, ట్రాక్టర్ రాక మడి తయారు కాకపోతే అది మీ నష్టం, వాళ్ళ తిండి ఖర్చు మీరే పెట్టాలి.

ఎక్కడ ఉంటారు, ఏం తింటారు

మందు డబ్బాలు, యూరియా బస్తాలు ఉన్న బాయి కాడి కొట్టంలో మనుషులను పడుకోబెట్టకండి. ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇల్లు, కుల సంఘం హాలు అడగండి. మా దగ్గర గల్ఫ్ పోయినవాళ్ళ తాళం వేసిన ఇళ్ళకు కొదువ లేదు. కావల్సినవి ఒక నల్లా, ఒక లెట్రిన్, రెండు బల్బులు, ఫోన్లు పెట్టుకోవడానికి ప్లగ్గులు. మోటరు స్టార్టర్ డబ్బా మాత్రం వాళ్ళను ముట్టుకోనివ్వద్దు. తడి చేతులు, కొత్త జాగా. పాములుంటాయని చెప్పి టార్చి ఇవ్వండి.

బియ్యం, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఆవనూనె ఉంటే వాళ్ళ వంట నడుస్తుంది. ఆవనూనె మన కిరాణాలో దొరక్కపోతే జగిత్యాల నుంచి ముందే తెప్పించండి. కాలువలో చేపలు పడితే ఆ రోజు పండుగే. రేషన్ కార్డున్నవాళ్ళు తమ వాటా బియ్యం ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతి కింద. ఇంట్లోవాళ్ళు అక్కడే ఆ నెల బియ్యం మొత్తం తీసుకుని ఉంటే ఇక్కడ రాదు. ఈ ఇబ్బంది డీలర్ మీద అరవకముందే తెలుసుకోవాలి.

కాగితాలు

ప్రతి మనిషి ఆధార్ లేదా ఓటరు కార్డు ఫొటో తీసుకోండి. పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ రాసిన పట్టిక ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి పోలీస్ స్టేషన్‌కు ఇచ్చి, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. 2025లో ఢిల్లీ, గురుగ్రామ్, ఒడిశా వైపు బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశీలన్న అనుమానంతో పట్టుకుని రోజుల తరబడి ఉంచారు. వాళ్ళలో చాలామంది మన దేశపు పౌరులే. ఆ భయంతో ఇళ్ళకు పోయినవాళ్ళ కోసం బెంగాల్ ప్రభుత్వం ఆ ఆగస్టులో నెలకు 5,000 రూపాయల పథకం కూడా ప్రకటించింది. లుంగీ, యాస చూసి ఎవరో ఫోన్ కొడితే పట్టిక మీ చేతిలో ఉండాలి.

ఫొటో తీసుకుని కార్డు మాత్రం వెంటనే తిరిగి ఇచ్చేయండి. ముఠా పారిపోకుండా ఆధార్లు బీరువాలో పెట్టుకునే ఆసాములను నేను చూశాను. మా ఆయన పాస్‌పోర్టు కంపెనీవాడు తీసుకుని ఇవ్వక, మామ చనిపోయినప్పుడు రాలేకపోయాడు. అక్కడ మనకు తప్పనిపించింది ఇక్కడ మనం ఎలా చేస్తాం?

పిల్లలను పనిలోకి రానివ్వద్దు. సర్దార్ "అన్నతో వచ్చాడు, ఊరికే నారు కట్టలు అందిస్తాడు" అంటాడు. పద్నాలుగు లోపు అయితే అది నేరం. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిర్చి చేలలో పనికి వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ పిల్ల, లాక్‌డౌన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నడిచి పోతూ ఇల్లు చేరకముందే చనిపోయింది.

మడిలో

కరిగెట (దమ్ము) చేసి, జంబు కొట్టి చదును చేశాక ఒక రోజైనా బురద పేరుకోనివ్వండి. ముఠా వచ్చిందని వేడి వేడి బురదలో దింపితే నాటు లోతుకు దిగి పిలకలు తగ్గుతాయి. రెండు మూడు సెంటీమీటర్ల లోతు చాలు, నీళ్ళు పలచగా ఉండాలి. నారు ముందు రోజు తడిపి ఉంచితే వేర్లు తెగకుండా వస్తుంది. నారు కొనలు తుంచి నాటమని మొదటే చెప్పండి, మొగిపురుగు గుడ్లు కొనల్లో ఉంటాయి.

గుత్త పనిలో అందరికీ ఉండే ఇబ్బంది పలచ నాటు. ఎంత దూరం వేస్తే అంత తొందరగా ఎకరం పూర్తి. దీనికి ముఠా వెంట పడి అరవనక్కర్లేదు. ప్లాస్టిక్ పైపుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేయించుకోండి. నాటిన చోట వేసి కుదుళ్ళు లెక్కపెట్టండి. వానాకాలంలో 33, యాసంగిలో 44 రావాలి. మొదటి మడిలో నాలుగైదు చోట్ల చూసి, తక్కువుంటే సర్దార్‌ను పిలిచి అతని చేతే లెక్కపెట్టించండి. తర్వాత వాళ్ళే సరి చేసుకుంటారు. ఇరవై ఎకరాలు అయిపోయాక లెక్కపెట్టి డబ్బు కోసేవాడికి వచ్చే ఏడాది ముఠా దొరకదు.

కుదురుకు రెండు మూడు మొక్కలు. ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరగా. బాటలంటే జాగా వృథా అని మొదట్లో మన రైతులే వద్దంటారు. గాలి ఆడని మడిలో దోమపోటు వచ్చాక కొట్టే మందు ఖర్చు చూసినవాళ్ళు అనరు. బాటకు తాడు మీరే లాగి ఇవ్వండి.

భాష రాదని టెన్షన్ పడకండి. సర్దార్‌కు హిందీ వస్తుంది. "పాస్ పాస్" (దగ్గర దగ్గరగా), "గహరా నహీ" (లోతు వద్దు), "సీధా" (తిన్నగా) చాలు. మిగతాది ఒక వరుస మీరు దిగి నాటి చూపిస్తే అర్థమవుతుంది. ఒరం మీద గొడుగు పట్టుకుని చెప్పినదాని కంటే బాగా అర్థమవుతుంది, ఇది నేను రెండు వైపులా ఉండి చెప్తున్న మాట.

మధ్యాహ్నం ఎండ కొడితే రెండు గంటలు ఆపమనండి. గుత్త అని వాళ్ళు ఆగరు, మీరే ఆపాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. ఎవరికైనా జ్వరమొస్తే పీహెచ్‌సీకి తీసుకుపోండి, పెద్ద దెబ్బైతే 108. ఆ ఖర్చు గుత్తలో కోయకండి.

డబ్బు

పని అయిన సాయంత్రమే ఇవ్వండి, ముఠా అంతా కూర్చున్నప్పుడు. ఎకరాలు, రేటు, అడ్వాన్స్ పైకి చదివి, మిగిలింది ఎంతో అందరికీ వినిపించాలి. సర్దార్ చేతికే ఇచ్చినా మొత్తం ఎంతో అందరి చెవిన పడితే లోపల కోత తగ్గుతుంది. ఇప్పుడు పిల్లగాళ్ళందరికీ ఫోన్‌పే ఉంది. ఎవరి వాటా వాళ్ళకు వేయమని అడిగితే వేయండి. "వడ్లు అమ్మాక ఇస్తా" అన్న మాట ఊరివాళ్ళ దగ్గరే చెల్లదు, రైలెక్కేవాళ్ళ దగ్గర ఎలా చెల్లుతుంది?

ఇక యాసంగి సంగతి. జనవరి, ఫిబ్రవరిలో బెంగాల్‌లోనూ బోరో వరి నాట్లు పడతాయి, కాబట్టి ఆ కాలంలో వాళ్ళకు ఇంటి దగ్గరే పని ఉంటుంది. యాసంగికి ముఠా కావాలంటే ఇప్పుడు డబ్బిచ్చేటప్పుడే తేదీ అడిగి పెట్టుకోండి. ఎంతమంది వస్తారో దీపావళి తర్వాత మళ్ళీ కనుక్కోండి. బీహార్ ముఠా అయితే ఛట్ పండుగ దాటాక ఫోన్ చేయండి, అంతకుముందు ఎవరూ ఎత్తరు. తక్కువమందే వస్తామంటే ముందు ఊరి గుంపుకు ఎన్ని ఎకరాలో తేల్చి, తర్వాత నారు పోయండి.